సాంచాలు ఆగిన మధ్యాహ్నం

లచ్చన్నా,

ఇవాళ మన సిరిసిల్ల షెడ్డులో సేటు మిట్టమధ్యాహ్నం బట్ట నేసే సాంచాలన్నీ బంద్ చేయించాడు. కరెంటు ఉండగా అవి ఆగడం నువ్వు పోయిన రోజు తర్వాత ఇదే మొదటిసారి. మళ్లీ ఎవరికో ఏదో అయిందనుకున్నాను. ఒక్కొక్కరి ముఖం వెతికాను. అందరూ ఉన్నారు.

సేటు కేకు పట్టుకొచ్చాడు. "నీ పుట్టినరోజంట గదా రాజేశం, గింత టెన్షన్ ఎందుకు? జెర నవ్వు!"

నాకు అనుమానం ఇంకా పెరిగింది. "ముందుగాల ఎవలు పోయిండ్రో చెప్పు సేటూ!" అని, సాంచాలు నడుస్తున్నట్టే అరిచాను.

"ఎవ్వలు పోలే బై!" ఆయనా అరిచాడు.

షెడ్డంతా నవ్వింది. కేకు నా నోట్లోనే ఉండిపోయింది. సాంచాలు మళ్లీ మొదలై, ఆ మోతలో ప్రాణం కుదుటపడ్డాక గానీ అది గొంతు దిగలేదన్నా.

నీ రాజేశం