గుడియాత్తం గడి

వేలూరు, 1998, శుక్రవారం

పట్టికలు ఇవాళ్టికి కలిశాయి. నేతపని చేసే ఆడవాళ్ళ జబ్బుల సర్వేలో ఊరికొక పట్టిక. వరసల్లో వయసులు, నిలువుగా జబ్బులు. అన్నింటినీ కంప్యూటర్లో ఒకే జాబితాలో పెట్టి కూడమంటే, అంతా కలిపేసి ఒకే ఒక్క అంకె ఇచ్చింది. చివరికి సున్నాల పట్టికతో మొదలుపెట్టి, ఒక్కో ఊరినీ తెచ్చి గడికి గడి కూడించాను. అన్నీ వచ్చాయి, ముసలివాళ్ళ దగ్గు గడి తప్ప. గుడియాత్తం పట్టికలో అది ఖాళీ. ఒక్క ఊరిలో ఖాళీ ఉన్నా మొత్తంలోనూ ఖాళీయే.

అక్కడ సర్వే చేసిన సరోజను అడిగితే తల వంచుకుంది. "అందరినీ అడిగినానక్కా. మా అమ్మను మాత్రం అడగలేకపోయినా. ఆమె దగ్గు రాస్తే నిజమైపోతాదని బయమేసింది. అందుకే ఆ గడి వదిలేసినా."

సున్నా వేసేయమన్నారు మా సారు. నాకు మనసొప్పలేదు. మధ్యాహ్నం బస్సులో ఇద్దరం గుడియాత్తం వెళ్ళాం. లుంగీ నేస్తున్న సరోజ అమ్మ దగ్గుతూనే నవ్వింది.

"రాసుకో పాపా. రాయకుంటే తగ్గిపోతాదా?"

సోమవారం ఆస్పత్రికి రావడానికి ఆమెను ఒప్పించాం.

సాయంత్రం ఆఫీసులో గుడియాత్తం గడి నింపి మళ్ళీ కూడితే మొత్తంలోనూ ఆ గడిలో అంకె వచ్చింది. సరోజ తెర మీద వేలు పెట్టింది.

"ఇందులో మా అమ్మ యాడుండాదక్కా?"

కూడేశాక ఎవరు ఎక్కడున్నారో అంకె చెప్పదు. ఆ మాట అనలేక, "ఆడనే ఉండాది" అన్నాను. ఆమె చాలాసేపు వేలు తీయలేదు.