ఏడో గొట్టం

నర్సీపట్నం,
14-11-2009.

చిరంజీవి సౌందర్యకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ మేము ఉన్నంతలో బాగున్నాం. నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటున్నాను.

నువ్వు అడిగినవాటికి వరుసగా రాస్తున్నాను. నాన్నగారి దగ్గు తగ్గింది. గొలుగొండలో చెరకు నరకడం ఇంకా మొదలవలేదు. నా ఒంటికే ఓపిక చాలడం లేదు. కూర్చుంటే లేవబుద్ధి కాదు.

ఇక ఉమ్ము సంగతి. జబ్బూ, చుట్ట అలవాటూ లేని ఆడవాళ్ళు పదిమంది కావాలన్నావు. నోటిలో క్యాన్సరు పుండు కంటికి కనబడకముందే, కణాల్లోంచి బయటపడే ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉమ్ములో ఆనవాలు ఇస్తాయేమో చూస్తున్నారని వాళ్ళకు చెప్పాను. మీ ల్యాబువాళ్ళు ఐసుపెట్టెతో వచ్చిన ఉదయం టీ కూడా తాగనివ్వకుండా అందరినీ వసారాలో కూర్చోబెట్టి తలా ఒక గొట్టంలో ఉమ్మమన్నాను. పేరు, వయసు, అలవాటు గళ్ళు గీసి రాశాను.

ఏడో గొట్టం మిగతావాటిలా లేదని రాశావు. ఈ ఒక్క పరీక్షతో ఏదీ తేల్చలేమనీ, అయినా పక్కింటి సోమలమ్మ నోరు డాక్టరుకు చూపించమనీ అన్నావు. నిన్న వెళ్ళి ఆవిడకు అదే చెప్పాను.

"నా ఉమ్ము నీకాడ ఏటమ్మా? దాంతో సిల్లంగి, సేతబడి పెడతారని భయమేసి ఆ రోజు నాను ఉమ్మనేదు కదా. ఎవులు ఉమ్మేరో ఆళ్ళనే ఎల్లమను," అంది.

ఆవిడ గొట్టంలో ఉమ్మింది నేనే. ఒక గడి ఖాళీగా పంపడానికి మనసొప్పలేదు. మానేసి మూడేళ్ళయినా సరే, చుట్ట కాల్చినదానివి కాబట్టి నువ్వు పనికిరావని ముందే అన్నావు. నేను మానలేదమ్మా. నీ తల మీద చెయ్యి వేసి అబద్ధం చెప్పాను.

పాయకరావుపేట వైపు రేవులో చేపలమ్మే మీ అమ్మమ్మ దగ్గర పదిహేడో ఏట నేర్చుకున్న అడ్డపొగ ఇది. సముద్రపు గాలికి ఆరిపోకుండా నిప్పు కొసను నోటి లోపల పెట్టుకునేవాళ్ళం. ఇక్కడ ఆ గాలి లేకపోయినా నాకు ఇంకో తీరు రాలేదు. వేసవి నుంచి అంగుట్లో తెల్లటి మచ్చ ఒకటి నాలుకకు గరుకుగా తగులుతోంది. ఎవరికీ చెప్పలేదు. గడి నింపడానికే ఉమ్మానని కూడా పూర్తిగా అనలేను. నేను చెప్పకుండానే నీకు తెలిసిపోతే బాగుండుననిపించింది.

సోమలమ్మ పేరు కొట్టేసి నా పేరు రాయి. అలవాటు ముప్పై ఒక్క ఏళ్ళు. తప్పుడు గొట్టం వల్ల మీ పని ఎంత చెడిందో నాకు తెలియదు. మీ పెద్దవాళ్ళకు నిజం చెప్పు.

విశాఖ ఆసుపత్రికి నాన్నగారితో వెళ్ళలేను, ఆయనకింకా తెలియదు. నువ్వు రా. నోరు తెరవమంటే ఈసారి తెరుస్తాను.

ఇట్లు,
నీ తల్లి
నూకరత్నం