“చెప్పాడు” అన్నచోట “ఒప్పుకున్నాడు” అని దిద్దినందుకు

మిల్లు ఆఫీసులో ఇంగ్లీషు రిపోర్టులు రాసి రిటైరైన నేను, ఒంట్లో జబ్బున్నా బుర్రలో ఏ మసకా లేకుండా, ఎవరి ఒత్తిడీ లేకుండా, ఒళ్లు మండుతున్నా మతి నిలకడగా ఉండగా, నా ఇష్టప్రకారం రాసుకున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసింది ఏదైనా ఉంటే అది రద్దు.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా అక్క కూతురిది. పిన్ని కోపిష్టిదని దాని ఫిర్యాదు. నిజమే. ఆ కోపం ఎక్కడిదో దానికి సగమే తెలుసు కనుక మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

2. మా బావ, అంటే దాని తండ్రి, మిల్లులో బాయిలరు నడిపేవాడు. అది పేలి ఆయన కుడిచెయ్యి కాలింది. విచారణలో కట్టుతో కూర్చుని, నా ఎదుటే ఆయన చెప్పింది రెండు ముక్కలు: “వాల్వు బిగుసుకుపోయిందని నాకు తెలుసండీ. తెలిసిన రోజే పైవాళ్లకి చెప్పాను.” రెండుచోట్లా నేను ‘స్టేటెడ్’ అనే రాశాను. చెప్పాడు అని అర్థం, అంతకు మించి వీసమెత్తు లేదు. రిపోర్టులు సరిచూసే పెద్ద కుర్చీ మా తమ్ముడిది. వాడు మొదటిదాన్ని ‘అడ్మిటెడ్’ చేశాడు, రెండోదాన్ని ‘క్లెయిమ్డ్’ చేశాడు. అంటే, తెలుసని నేరస్థుడిలా ఒప్పుకున్నాడట. పైవాళ్లకి చెప్పానని మాత్రం ఊరికే అంటున్నాడట, నమ్మడం మన ఇష్టమట!

ఇదేమిట్రా అంటే, “ఒకే వెర్బు మళ్లీ మళ్లీ వస్తే ఫార్మల్ ఇంగ్లీషులా ఉండదక్కా. అన్నిటికీ అర్థం ఒకటేగా” అన్నాడు. ఒకే బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన దొంగా పోలీసూ ఒకటేనా?

3. పైవాళ్లు అది చదివి, ఒప్పుకున్నాడు కదా అని బావను ఉద్యోగంలోంచి తీసేశారు. వీధంతా ఆ మాటే. చివరికి మా అక్క కూడా ఒకనాడు అన్నం వడ్డిస్తూ, “నిజంగా ఒప్పుకున్నారా మీరు?” అని అడిగింది. బావ కంచం ముందునుంచి లేచిపోయాడు. అప్పీలులో నేను నిలబడి, ఆయన అన్నదేమిటో, నేను రాసిందేమిటో చెప్పాను. విచారణాధికారి తమ్ముడి వైపు తిరిగి, “మీరు ఆలస్యంగా ఇంటికెళ్లి ఆఫీసులో పనుందని చెబితే, మీ ఆవిడ దాన్ని ‘క్లెయిమ్డ్’ అనుకోవచ్చా?” అని అడిగాడు. ఆ రెండు మాటలూ కొట్టేశారు, బావకు ఉద్యోగం తిరిగొచ్చింది. తీర్పు వినడానికి అక్క లేదు. గుండెజబ్బుతో అప్పటికే పోయింది. ఆమె అడిగినదానికి జవాబు బావ గొంతులోనే ఉండిపోయింది. దీన్ని నేను క్షమించలేదు, చచ్చినా క్షమించను.

4. నా అలమరలో ఉన్న కొత్త చొక్కాలన్నీ బావకు. గుండీలు పెట్టుకోలేని చేతికి వీలుగా లోపల ప్రెస్‌బటన్లు కుట్టాను, పైన ఉత్తుత్తి గుండీలు కుట్టాను. చూసేవాళ్లకు తెలియదు. కిటికీ పక్కనుండే వాలుకుర్చీ కూడా ఆయనదే.

5. డిక్షనరీలు అక్క కూతురివి. బళ్లో పాఠం చెప్పేటప్పుడు, మాట మార్చేముందు అది ఎవరి నెత్తిన పడుతుందో చూసుకోమని పిల్లలకు నేర్పాలి.

6. ఇల్లు నా స్వార్జితం. మేడా, వెనక భాగమూ సర్వహక్కులతో అక్క కూతురివి. వీధివైపు గదులు రెండూ తమ్ముడికి, కానీ షరతు మీద. తీర్పు తర్వాత వాడు బావకు ఇంగ్లీషులో ఒక కార్డు పంపాడు, ‘రిగ్రెట్’ అని, అంటే విచారిస్తున్నాడట. వానపడి మ్యాచ్ ఆగిపోయినా రిగ్రెట్టే! నేను పోయిన మూడు నెలల్లోగా వాడు బావ ఇంటికి వెళ్లి, అక్క కూతురు వినేలా, తెలుగులో, “తప్పు నాది. క్షమించు బావా” అనాలి. అనకపోతే ఆ గదులు కూడా దానికే. ఈ మాటలకు బదులు అదే అర్థమొచ్చే మాట ఏది వాడినా చెల్లదు.

మే నెల, రెండో శుక్రవారం, మధ్యాహ్నం, నా గదిలో.

(సంతకం)
మిల్లు ఆఫీసు ఇంగ్లీషు రిపోర్టుల గుమాస్తా, విశ్రాంత

సాక్షులు:
ఎదురింటి కంపౌండరు
మేడ మీద అద్దెకుంటున్న డ్రాయింగు మాస్టారు