నీ నొప్పికి అంటించిన పట్టీ

నాయినా,

నీ క్యాన్సర్ నొప్పికి ఛాతీ మీద అంటించిన ఫెంటానిల్ పట్టీలు నువ్వు పోయినంక రెండు మిగిలినయి. వాడినవి వాపస్ తెస్తెనే కొత్తవి ఇచ్చే మందు అది, ఊరికె ఇంట్ల ఉంచుకుంటె కేసయితదని డాక్టరమ్మ ముందే చెప్పింది. డబ్బా మీద నీ పేరున్నదని నేనే వాపస్ ఇయ్యలే.

పోయిన వారం తెలంగాణ బంద్ నాడు కింది పోర్షన్ గుంటూరు ఆంటీ మోకాలు పట్టుకొని వచ్చింది. "మీ నాన్నగారికి అంటించేదానివి కదమ్మా, అదొకటి ఇవ్వవా" అన్నది. నిన్ను హాయిగ పండబెట్టిన పట్టీ కదా అని ఇచ్చిన.

మాపటికి పోయి చూస్తె దాని మీద వేడినీళ్ల బ్యాగు పెట్టుకొని పడుకున్నది. పెదవులు నీలంగైనయి, పిలిస్తె పలుకలే. అలవాటు లేనోళ్లకు ఊపిరి ఆగుతదని, వేడి తగిల్తె మందు ఇంకింత ఎక్కుతదని అప్పుడు యాదికొచ్చింది. పట్టీ పీకేసి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోల దవాఖానకు ఉరికినం. ఎల్‌బీ నగర్ చౌరస్తాల ఆమెది ఏ ఊరని ఎవ్వరడగలే, బంద్ చేసెటోళ్లే కాలుతున్న టైర్లు పక్కకు జరిపిన్రు.

బతికింది, ఇంటికొచ్చింది. ఇయ్యాల, కేసయినా సరే అని జరిగిందంత చెప్పి, మిగిలిన పట్టీ దవాఖానల ఇచ్చిన. ఖాళీ డబ్బా మటుకు అడుక్కొని తెచ్చుకున్న.

పొద్దున ఆంటీ తలుపు జర ఆలస్యంగ తెరిస్తె చాలు నాయినా, చెప్పుల్లేకుండనే మెట్లు దిగుతున్న.