తిరగలి పాటలో నీ వంతు

చెల్లీ, మనవరాలి దగ్గర నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు.

అది పనిచేసే మ్యూజియంలో మన ఇంట్లో ఉండేలాంటి తిరగలి పెట్టారు. పక్కనున్న తెరను తాకితే నేను పాడిన తిరగలి పాట వినిపించేలా మనవరాలే తయారుచేసింది. నా వంతు అయ్యాక నువ్వు అందుకునే చోట ఖాళీ.

"అదీ నువ్వే పాడెయ్ అమ్మమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అంది.

"ఎదురుగా మనిషి లేకుండా తిరగలి పాటేమిటే, పిచ్చిమొహమా!" అన్నాను.

నిన్న ఒకావిడ తెర చెడిపోయిందనుకుని మధ్యలోనే వెళ్లిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

నీ దగ్గు తగ్గిందా? పడుకునేముందు గ్యాస్ కట్టేస్తున్నావా? అబ్బాయి ఫోనులో నీ వంతు పాడి పంపు. గొంతు బొంగురుపోయిందని వంక పెట్టకు. వారంలో నీ వంతు అందకపోతే పాట మొత్తం తీసేస్తారట.

పిల్లలకు దీవెనలు. ఆ తెర ముందు కూర్చున్నప్పుడల్లా నువ్వు అందుకుంటావనే చెవి ఒగ్గుతున్నాను.

మీ అక్క