మందు చొక్కా జేబులో చీటీ

సెప్టెంబర్ 29

కర్ణాటకలో తెలుగు రైతులు కట్టుకున్న ఈ కాంపులో మా పైరే ఏపుగా, నల్లగా ఉందని అందరూ అంటున్నారు. ఆ మాటకే నాన్న ఇంకో బస్తా యూరియా చల్లారు. అలా మెత్తగా పెరిగిన వరంటే మొదళ్ళలో రసం పీల్చే సుడిదోమకు ఇష్టమని పుస్తకంలో ఉంది. పుస్తకం మూసి అన్నం వడ్డించాను.

అమ్మ పోయాక మా మాటలు సరుకుల దగ్గరే ఆగుతాయి. అవీ చీటీ మీదే. కన్నడంలో రాసి ఆయన క్యారేజీ కింద పెడతాను. పక్కనున్న కవితాళ ఊళ్ళో షాపతను చదువుకుని కట్టిస్తాడు. నాన్నకు తెలుగు తప్ప చదవడం రాదు. అమ్మ నేర్పిన తెలుగు నేను ఈ డైరీలోనే రాస్తాను.

అక్టోబర్ 4

వరి ఆకు వేలు కోసింది. దాని అంచున సిలికా ఉంటుంది, గాజులో ఉండేదే. అది మొదటి కంచె. దోమ కుడితే మొక్క ఒక వాసన వదులుతుంది. ఆ వాసన పట్టుకుని కంటికి ఆనని కందిరీగలు వచ్చి దోమ గుడ్లను తినేస్తాయి. నోరు లేనిది పిలుస్తుంది. ఎవరో ఒకరు వస్తారు.

గట్టున గడ్డి కోస్తున్న బసవ్వకు చెప్పాను. మీ ఇంట్ల ఇద్దరు మనుషులకే మాటల్లేవు, వరికి యాడికెల్లి వచ్చినయమ్మ అని నవ్వింది.

అక్టోబర్ 9, సాయంత్రం

దుబ్బుల మొదళ్ళలో దోమ. దాన్ని తినే సాలీళ్ళు కూడా బాగానే ఉన్నాయి. నాన్న రేపు మందు కొడతారట. డబ్బా చూశాను. ఆ రకం మందుకు ముందు చచ్చేది సాలీళ్ళే. దోమ తర్వాత రెట్టింపై వస్తుంది.

ఆయన మంచం దాకా మూడుసార్లు వెళ్ళాను. చివరికి చీటీ రాసి క్యారేజీ కింద పెట్టాను. నాన్నా, ఈ మందు వద్దు, నీళ్ళు తీసేసి వారం ఆగుదాం.

అక్టోబర్ 10

కొట్టేశారు. ఆరెకరాలూ.

బట్టలు ఆరేస్తుంటే తట్టింది. చీటీ కన్నడంలో రాశాను. చేతి అలవాటు.

అక్టోబర్ 28

పొలంలో గుండ్రంగా, కాలినట్టు మచ్చలు. రోజుకో మడి పోతోంది. సాలీడు ఒక్కటీ లేదు. మొక్కలు ఇంకా పిలుస్తూనే ఉండి ఉంటాయి.

అక్టోబర్ 30, పొద్దున

మందు కొట్టిన రోజు వేసుకున్న చొక్కా ఉతకడానికి ఇస్తూ నాన్న జేబులోంచి చీటీ తీశారు. చెమటకు అలుక్కుపోయింది. మర్చేపోయాను తల్లీ, ఇన్నాళ్ళూ సరుకుల్లేకుండా ఎలా నెట్టుకొచ్చావ్, ఏం రాశావో చదువు, కవితాళ వెళ్తున్నా అన్నారు. గడ్డం మాసి ఉంది. మూడు రోజులుగా ఆయన పొలం వైపు వెళ్ళడం లేదు.

చదివాను.

అక్టోబర్ 31

ఉప్పు, కందిపప్పు, రెండు సబ్బులు. నేను చదివినవన్నీ నాన్న తెచ్చారు.