తలుపు పక్కన మొల

ఏమయ్యా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. ధరూర్ వదిలి గద్వాలలో అద్దెకు దిగాను. గోడలన్నీ దవాఖాన గోడల్లా తెల్లగా ఉన్నాయి. కిటికీకి నా పాత చీరతో పరదా కట్టాను. "ఫొటోకు ఒక్క మొల కొట్టుకో. ఇంక గోడ కరాబ్ చెయ్యకు" అంది ఇంటి ఓనరమ్మ. నీ సంగతి ఆమెకు చెప్పలేదు.

నీ ఫొటో కోసమే కొట్టబోయాను. ఎందుకో, నువ్వు చేను నుంచి రాగానే చొక్కా తగిలించే ఎత్తులో, తలుపు పక్కన కొట్టేశాను. ఫొటో పెట్టెలోనే ఉండిపోయింది. మొలకు నీ నీలం చొక్కా తగిలించాను.

పొద్దున ఓనరమ్మ గడపలోంచి దాన్ని చూసి, "మీ ఆయన వచ్చిండా?" అని అడిగింది.

"వచ్చిండక్కా. పండుకున్నడు" అన్నాను.

ఆమె గొంతు తగ్గించి, నల్లాలో నీళ్లు వదులుతున్నానని చెప్పి వెళ్లింది. అప్పట్నుంచి నేనూ చప్పుడు కాకుండా గిన్నెలు తోముతున్నాను.